నీటి చార ఉన్న ఫోటో

ఇంటిని అమ్మకానికి పెట్టేముందు ఒక ఫోటోగ్రాఫరును పిలిపిస్తానని చెప్పినప్పుడు మా అమ్మ నా వైపు ఒకసారి చూసి, "పెళ్ళిచూపులకా ఏందే, ఫోటోలు తీసి పంపను?" అన్నది. ఎగతాళిగా అన్న ఆ మాటను తర్వాత చాలాసార్లు తలచుకున్నాను, ఎందుకంటే ఆ పోలిక ఆమె అనుకున్నదానికంటే బాగా కుదిరింది. పెళ్ళిచూపులకు ముందు పంపిన ఫోటో ఉన్నదానికి మించి చూపిస్తే, ఎదురుపడ్డ రోజున రెండు వైపుల వాళ్ళూ తలలు దించుకోవలసి వస్తుంది. డబ్బిచ్చి, పని తెలిసిన మనిషి చేత ఇంటికి ఫోటోలు తీయించాలనే నేనూ వాదిస్తాను గానీ, అందుకు అందరూ చెప్పే కారణం నాది కాదు. మంచి ఫోటోలు పెడితే ఎక్కువమంది వస్తారని అంటారు. మా ఇంటికి మంచి ఫోటోలు పెట్టాక తక్కువమంది వచ్చారు, నాకు కలిగిన లాభం అదే.

మా ఇల్లు నెల్లూరులో రంగనాయకులపేట వైపు, పెన్న గట్టుకు పది నిమిషాల నడక దూరంలో, తూర్పు ముఖంగా ఉంది. నాన్న 1998లో కింది భాగం కట్టించి, ఉద్యోగంలోంచి దిగిపోయిన తర్వాత 2009లో పైన ఒక పోర్షను వేశారు. ఆయన పోయాక అమ్మ మాగుంట లేఅవుట్‌లో ఉన్న మా అపార్టుమెంటుకు వచ్చేసింది. తమ్ముడు పూణేలో స్థిరపడ్డాడు. పాత ఇంటికి వారానికొకసారి వెళ్ళి తలుపులు తీసి, చెట్లకు నీళ్ళు పోసి రావడం నా వంతు అయింది. రెండేళ్ళు అలా తిరిగాక, అమ్మేద్దామని ముగ్గురమూ అనుకున్నాం.

మొదటి ఫోటోలు సంక్రాంతికి వచ్చిన తమ్ముడి కొడుకు ఫోనుతో తీశాడు. పిల్లవాణ్ణి తప్పుపట్టను, మేము చెప్పిందే వాడు చేశాడు. హాలును రాత్రి ట్యూబులైటు వెలుతురులో తీశాడు గనక గోడలన్నీ పాలిపోయి ఆకుపచ్చగా వచ్చాయి. పెరట్లో తీగ మీద తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి, వంటింట్లో గట్టు కింద ఎర్ర సిలిండరు, బాత్‌రూములో విరిగిన చెవి ఉన్న బకెట్టు కనిపించాయి. అన్నిటికంటే తమాషా ఏమిటంటే, హాలు గోడకు కిరాణా కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండరు ఉంది, అందులో జనవరి నెల స్పష్టంగా చదవవచ్చు. మే నెలలో ఆ ఫోటో చూసిన ఒకాయన ఫోను చేసి, "అయితే అయిదు నెలల్నుంచి అమ్ముడుపోలేదన్నమాట" అని, బేరం అక్కడినుంచే మొదలుపెట్టాడు. గోడ మీద ఒక కాగితం అంత పని చేస్తుందని నాకు అప్పటిదాకా తోచలేదు.

ఆ ఫోటోలనే మధ్యవర్తి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పాడు. ఉగాదికి ముందు మొదలై వేసవి ముగిసేదాకా ఇరవై ఆరుమంది వచ్చి చూశారు. వచ్చిన ప్రతిసారీ నేను కాలేజీలో ఒక గంట పర్మిషను పెట్టి, ఆటో ఎక్కి, తాళం తీసి, కిటికీలు తెరవాలి. వాళ్ళలో సగానికి పైగా అయిదు నిమిషాల్లో వెళ్ళిపోయారు. వీధిలో కారు తిరగదని ఒకరు, మెట్లు బయటినుంచి ఉన్నాయని ఒకరు, వంటిల్లు ఇరుకని ఒకరు, మూడో పడకగది ఉందనుకున్నామని ఇంకొకరు. ఇవేవీ దాచిపెట్టిన సంగతులు కావు. గేటు ముందు నిలబడి వీధిని తీసిన ఒక ఫోటో, మెట్లు కనిపించే ఒక ఫోటో, వంటిల్లు ఉన్నంత వెడల్పుతో కనిపించే ఒక ఫోటో ఉంటే ఆ పదిహేనుమంది ఇంట్లోనే కూర్చుని వద్దనుకునేవారు, వాళ్ళ పెట్రోలూ నా పర్మిషన్లూ మిగిలేవి.

ఫోటోలు బాగా లేవని మధ్యవర్తికీ తోచి, తనకు తెలిసిన కుర్రాణ్ణి పంపాడు. ఆ కుర్రాడు ఫోనులో 0.5 అనే గుర్తును నొక్కి, గది మూలన నిలబడి, చేతులు పైకెత్తి ఇల్లంతా పావుగంటలో తీసేశాడు. చూస్తే మా హాలు కల్యాణమండపంలా ఉంది. ఒప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను గానీ, చూడగానే నాకు సంతోషం వేసింది. పది రోజుల తర్వాత, నెల్లూరులో సొంత ఇల్లు ఉండాలని ఆశపడుతున్న ఒక జంట చెన్నైనుంచి, రానూపోనూ మూడు వందల కిలోమీటర్లు దాటే ప్రయాణం పెట్టుకుని, పెద్దావిణ్ణి కూడా వెంటబెట్టుకుని వచ్చారు. ఆ పెద్దావిడ హాలు మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసి, "ఫోటోలో ఉన్న హాలు లోపల ఉందా?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. ఇదే హాలని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కాఫీ ఇస్తానన్నా ఉండకుండా వెళ్ళిపోయారు.

ఆ మోసం ఎలా జరిగిందో తర్వాత తెలుసుకున్నాను. లెన్సు ఎంత వెడల్పు చూడగలదో మిల్లీమీటర్లలో చెబుతారు, సంఖ్య తగ్గేకొద్దీ ఎక్కువ ప్రదేశం చిత్రంలోకి వస్తుంది. ఫోనులోని మామూలు కెమెరా దాదాపు 24 నుంచి 26 మిల్లీమీటర్లకు సమానం, 0.5 నొక్కితే తెరుచుకునేది దాదాపు 13కు సమానం. ఇళ్ళ లోపలి ఫోటోలు తీసేవారు పెద్ద సెన్సరున్న ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద ఎక్కువగా 16కూ 24కూ మధ్య పనిచేస్తారు. 13 దగ్గరికి వెళ్ళేసరికి దగ్గరి నేల ముందుకు పరుచుకుంటుంది, ఎదుటి గోడ వెనక్కి జరుగుతుంది, అంచున పడిన సోఫా పడవలా సాగుతుంది. దానికి తోడు చెయ్యెత్తి కెమెరాను కిందికి వంచితే గోడలు కింది వైపు దగ్గరపడి, గది మొత్తం గరాటులా అవుతుంది. తాపీమేస్త్రీ దారానికి గుండు కట్టి చూసుకుని నిట్టనిలువుగా లేపిన గోడను ఫోటోలో వాలుగా చూపించడం ఆ మేస్త్రీకి కూడా అవమానమే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు, మా మేనమామ చాలాసార్లు అన్నమాట కూడా అదే. మన ఊళ్ళలో ఇళ్ళు ఫోటోలు చూసి కొనరు, నోటిమాటగా తెలుసుకుని, వచ్చి చూసి, వాస్తు సిద్ధాంతిని తెచ్చుకుని, నాలుగుసార్లు తిరిగి కొంటారని ఆయన వాదన. అది నిజమే, ఇప్పటికీ నిజమే. కానీ ఆ నాలుగుసార్లు తిరిగేది ఎవరు, సరేననేది ఎవరు అని చూస్తే సంగతి మారిపోతుంది. మా ఇల్లు చూడడానికి వచ్చిన వాళ్ళలో చాలామంది తల్లిదండ్రులు. డబ్బు పంపే కొడుకు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటాడు, కోడలి మాట హైదరాబాదునుంచి రావాలి, అప్పు ఇచ్చే బ్యాంకు మరొకచోట ఉంటుంది. తల్లిదండ్రులు చూసి వెళ్ళిన ఇల్లు రాత్రికి నాలుగు ఊళ్ళలో ఫోనుల మీద మళ్ళీ పరీక్షకు నిలబడుతుంది. వాళ్ళు ఇల్లు బాగుందని ఎంత చెప్పినా, ఫోటోలో పాలిపోయిన హాలును చూసిన కొడుకు "ఇదేంది నాన్నా" అంటే ఆ బేరం అక్కడితో ఆగిపోతుంది. ఇంటికి రాలేని వాళ్ళే ఇంటి విషయం తేల్చే కాలంలో, వాళ్ళ కళ్ళకు అందేది ఫోటో ఒక్కటే.

ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో ఇల్లు కొనేవారు ఎవరూ ఉండరని మధ్యవర్తి ఫోనులు తగ్గించాడు. నాకు మాత్రం అదే వీలయింది. మన దగ్గర ఇళ్ళ ఫోటోలు మాత్రమే తీసి బతికేవారు తక్కువ, మంచి కెమెరాలూ లైట్లూ ఉన్నవారంతా పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్లే. ఆషాఢంలో ముహూర్తాలుండవు గనక వాళ్ళు ఖాళీ. శ్రావణం వచ్చేసరికి ఫోటోలు చేతికి రావాలని లెక్కవేసుకుని, మా సహోద్యోగి కూతురి పెళ్ళికి పనిచేసిన ఒక కుర్రాణ్ణి పిలిచాను. అయితే అందరు పెళ్ళి ఫోటోగ్రాఫర్లకూ ఇల్లు తీయడం రాదు, మొహం మీద ఫ్లాష్ కొట్టడం అలవాటైన చెయ్యి గోడ మీద కూడా కొడుతుంది. ఇతణ్ణి ఎంచుకోవడానికి ఒకే కారణం, ముందురోజు ఉత్త చేతులతో వచ్చి, ఇల్లంతా తిరిగి, ఏ గదిలోకి ఎండ ఎప్పుడు వస్తుందని అడిగాడు. ఆ ప్రశ్న అంతకుముందు వచ్చిన ఇద్దరూ అడగలేదు.

మరునాడు ఆరున్నరకల్లా వచ్చాడు. తూర్పు ముఖం ఇల్లు గనక ఎండ నేరుగా ముందుగోడ మీద పడే ఆ రెండు మూడు గంటల్లోనే బయటి ఫోటోలు అయిపోవాలి, మధ్యాహ్నానికి ముందుభాగం నీడలోకి వెళ్ళి వెనకనున్న ఆకాశం తెల్లగా పేలిపోతుంది. ఇల్లు పడమటి ముఖమైతే సాయంత్రం దాకా ఆగాలి. అమ్మ అతనికంటే ముందే లేచి వాకిలి కడిగి ముగ్గు వేసింది. ఫోటోలు వద్దన్న మనిషే, తీస్తున్నారంటే వాకిలి బోసిగా ఉండకూడదని ఆమె పట్టుదల.

లోపల మొదట చేసిన పని ఫ్యాన్లన్నీ ఆపించడం. కెమెరాను మూడు కాళ్ళ స్టాండు మీద నా ఛాతీ ఎత్తులో పెట్టి, రసమట్టంలాంటి గుర్తు చూసుకుని సమంగా నిలబెట్టి, షట్టరును అరసెకను, సెకను సేపు తెరిచి ఉంచుతాడు గనక తిరిగే ఫ్యాను చెదిరిపోతుందట. జులై నెలలో నెల్లూరులో ఫ్యాను లేకుండా మూడు గంటలు! అతని చొక్కా వీపుకు అతుక్కుపోయింది, అమ్మ మజ్జిగ ఇస్తూనే ఉంది. లైట్లు కూడా ఆపించాడు. తెల్లటి ట్యూబులైటు, పసుపుపచ్చ బల్బు, కిటికీలోంచి వచ్చే పగటి వెలుతురు మూడూ మూడు రంగులు, మన కన్ను వాటిని సర్దుకుంటుంది గానీ కెమెరా ఒకే గోడను మూడు రంగుల్లో రాసిపెడుతుంది. మేనల్లుడి ఫోటోల్లో గోడలు పచ్చబడిన కారణం నాకు అప్పుడు అర్థమయింది.

హాలు నేల దగ్గర అతను ఎక్కువసేపు ఆగాడు. నాన్న 2009లో మొజాయిక్ తీసేసి చీమకుర్తి నల్లరాయి వేయించారు, ప్రపంచమంతా బ్లాక్ గెలాక్సీ అని పిలిచే రాయి. నల్లటి రాతిలో బ్రాంజైట్ అనే ఖనిజపు రేణువులు బంగారు చుక్కల్లా మెరుస్తాయి. ఆ రాయి కోసం నాన్న ఒంగోలు మీదుగా చీమకుర్తికి రెండుసార్లు వెళ్ళి పలకలు ఏరుకున్నారు. అంతకుముందు తీసిన ఏ ఫోటోలోనూ అది రాయిలా కనిపించలేదు, కిటికీ నీడ పడిన నల్లటి నీటిగుంటలా కనిపించింది. నున్నగా పాలిష్ పట్టిన నేల అద్దంలా పనిచేసి కిటికీనీ, పైకప్పునూ, ఫోటో తీసే మనిషి కాళ్ళనూ చూపిస్తుంది. అతను లెన్సు ముందు ఒక గుండ్రటి ఫిల్టరు బిగించి, దాని అంచును వేళ్ళతో మెల్లగా తిప్పాడు. నన్ను తెర మీదికి వంగి చూడమన్నాడు. తిప్పుతూ ఉండగా కిటికీ మెరుపు నేల మీదనుంచి తడి ఆరినట్టు కరిగిపోయి, కింద ఉన్న చుక్కలు ఒక్కొక్కటీ పైకి వచ్చాయి. పూర్తిగా మెరుపు పోయేదాకా తిప్పి, మళ్ళీ కొంచెం వెనక్కి తిప్పాడు. ఎందుకని అడిగితే, "మొత్తం తీసేస్తే తారు రోడ్డులాగా అయిపోద్ది మేడం, పాలిష్ ఉందని తెలియాలి గదా" అన్నాడు. నేను డబ్బిచ్చింది ఆ కొంచెం వెనక్కి తిప్పడానికే అని ఇప్పటికీ అనుకుంటాను.

కిటికీల సంగతి కూడా చెప్పాలి. గదిలో నిలబడితే మనకు లోపలి కుర్చీ, బయటి జామచెట్టు రెండూ కనిపిస్తాయి. కెమెరాకు ఆ శక్తి లేదు, కుర్చీ కనిపించేలా తీస్తే జామచెట్టు తెల్లటి మంటలో మాయమవుతుంది, చెట్టు కనిపించేలా తీస్తే గది చీకటవుతుంది. అందుకని కెమెరాను కదపకుండా ఒకే దృశ్యాన్ని తక్కువ వెలుతురునుంచి ఎక్కువ వెలుతురు దాకా అయిదుసార్లు తీసి, ఇంటికి వెళ్ళాక కంప్యూటరులో ఒకటిగా కలుపుతారు. ఇందులోనూ అతి చేయవచ్చు. గదిలో నీడ అన్నది లేకుండా, ప్రతి మూలా ఒకేలా వెలిగిపోయి, గోడలకు జిడ్డు పట్టినట్టున్న ఫోటోలు అమ్మకపు యాప్‌లలో రోజూ చూస్తూనే ఉన్నాం. నీడ పోతే గదికి లోతు పోతుంది.

అమ్మ అభ్యంతరాలు రెండు. ఒకటి దిష్టి. ఇంటి లోపలంతా ఊరివాళ్ళ ఫోనుల్లో తిరగడం ఆమెకు నచ్చలేదు. గుమ్మానికి కట్టిన బూడిదగుమ్మడికాయను తీయకుండా ఫోటోలో ఉంచుతామంటే కొంత ఊరడిల్లింది. రెండోది దేవుడి గది. దేవుళ్ళున్న గదిని అమ్మకానికి చూపించడమేమిటని ఆమె ప్రశ్న, దానికి నా దగ్గర జవాబు లేదు. పటాలు మా అపార్టుమెంటుకు తెచ్చుకున్న తర్వాత, ఖాళీ అరలు మాత్రమే ఉన్నప్పుడు తీయించాను. ఆమె మాట వినడం వల్ల ఇంకో మేలు జరిగింది. అదే ఊపులో పెళ్ళి ఫోటోలు, నా సర్టిఫికెట్లు, పిల్లల బడి ఫోటోలు గోడల మీదనుంచి దించేశాం, ఇనుప బీరువా ఉన్న గోడను ఫ్రేములోంచి తప్పించాం. ఇల్లు చూపించడం వేరు, ఇంట్లోవాళ్ళను చూపించడం వేరు. ఫోనుతో సొంతంగా తీసేవారు లొకేషను గుర్తు ఆపుకోవడం కూడా మంచిది, ఖాళీగా తాళం వేసి ఉన్న ఇంటి చిరునామా ఫోటో లోపలే దాగి ఊరంతా తిరగడం ఎవరికీ క్షేమం కాదు.

ఇప్పుడు నీటి చార. 2021 నవంబరులో పెన్నకు పెద్ద వరద వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కోసుకుపోయి, చెన్నై–విజయవాడ దారిలో రైళ్ళు ఆగిపోయిన రోజులవి. మా వీధిలోకి కూడా నీళ్ళు వచ్చాయి. ఇంటి నేల ఎత్తు గనక గడప దాటలేదు, కానీ ప్రహరీగోడ లోపలి వైపు రెండు అడుగుల ఎత్తున గోధుమరంగు చార ఒకటి మిగిలిపోయింది. నాన్న దాని మీద రంగు వేయించలేదు, గుర్తుగా ఉండనీ అన్నారు. ముందు వాకిలి ఫోటోలో ఆ చార ఎడమవైపు స్పష్టంగా పడింది. కుర్రాడు తెర మీద చూపించి, "తీసెయ్యమంటారా మేడం? రెండు నిమిషాల పని" అన్నాడు. నేను వెంటనే వద్దనలేదు. గేటు దగ్గరికి వెళ్ళి, చార వైపు చూస్తూ కాసేపు నిలబడ్డాను. మధ్యవర్తి అప్పటికి రెండుసార్లు చెప్పి ఉన్నాడు, రెండు డబ్బాల రంగు కొట్టిస్తే పోయేదానికి ఎందుకమ్మా ఈ తలనొప్పి అని.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను, అమ్మేవారి బాధ్యతలు చెబుతూ మొట్టమొదట పెట్టిన మాట ఇది: ఆస్తిలో గానీ, దాని మీది హక్కులో గానీ ముఖ్యమైన లోపం ఉండి, అది అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో వారు కనిపెట్టలేనిదైతే, వేరే ఒప్పందం లేనంతవరకు దాన్ని చెప్పి తీరాలి. చార గోడ మీద ఉన్నంతకాలం అది ఎవరైనా చూడగల సంగతి. దాని మీద రంగు కొట్టినా, ఫోటోలో తుడిచేసినా, కనిపించే దాన్ని కనిపించకుండా చేసింది నేనే అవుతాను. చట్టాన్ని పక్కన పెట్టినా, నెల్లూరులో ఇల్లు కొనే ప్రతివాడూ వరద గురించి అడిగి తీరతాడు, నేను అబద్ధం చెప్పినా ఎదురింటివాళ్ళు నిజం చెబుతారు. చారను ఉంచమన్నాను. అంతే కాదు, దాన్ని దగ్గరినుంచి, పక్కన టేపు పట్టి, అడుగుల అంకెలు కనిపించేలా వేరే ఫోటో తీయమన్నాను. కుర్రాడు నన్ను వింతగా చూశాడు.

ఆ పూట మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది: మేము ఇల్లు ఖాళీ చేసినప్పుడు మాతో పాటు వెళ్ళిపోయే వస్తువేదైనా ఫోటోలోంచి తీసేయవచ్చు, ఇంటితో పాటు ఉండిపోయేది ఏదీ పోకూడదు. దాని ప్రకారం బకెట్టు, సిలిండరు, తువ్వాళ్ళు, క్యాలెండరు పోయాయి. గేటు ముందు కరెంటు తీగలు, వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరు, మెట్ల పక్క గోడలో సన్నటి పగులు ఉన్నాయి. మబ్బుపట్టిన ఆకాశాన్ని తీసి నీలాకాశం అతికించడం ఇప్పుడు ఒక మీట నొక్కినంత తేలిక, దాన్ని నేను పెద్ద తప్పుగా చూడను, ఆకాశాన్ని ఎవరూ రిజిస్టరు చేయించుకోరు. కానీ ఖాళీ గదిలో లేని సోఫాలూ మంచాలూ కంప్యూటరుతో అమర్చి, ఆ సంగతి చెప్పకుండా పెట్టడం వేరు. గదికి పట్టని మంచాన్ని కాస్త చిన్నదిగా గీసి పట్టించవచ్చు, అప్పుడు గది కొలత అబద్ధమవుతుంది. బిల్డర్ల విషయంలో 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం 12వ సెక్షను ఉంది, అబద్ధపు ప్రకటనను నమ్మి అడ్వాన్సు కట్టి నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలి, తప్పుకుంటామంటే డబ్బు వడ్డీతో తిరిగివ్వాలి. నాలాగా పాత ఇల్లు అమ్ముకునేవారికి అది వర్తించదు, మనకు మన ముఖమే పూచీ.

డ్రోను ఎగరేద్దామా అని కూడా కుర్రాడు అడిగాడు, వద్దన్నాను. తీగలు అల్లుకున్న ఇరుకు వీధిలో దానివల్ల కనిపించేది పక్కింటి నీళ్ళ ట్యాంకు. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు గానీ, పొలం గానీ అమ్మేవారికైతే హద్దులు చూపించడానికి అంతకంటే మంచి సాధనం లేదు. అయితే 2021 డ్రోను నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోనును వ్యాపారం కోసం ఎగరేసే మనిషికి పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, పెళ్ళిళ్ళలో ఎగరేసే ప్రతివాడి దగ్గరా అది ఉంటుందని అనుకోవద్దు.

ఖర్చు సంగతి. నేను ఆరువేలు ఇచ్చాను, ఆషాఢం కాకపోతే ఎక్కువే అయ్యేది. మధ్యవర్తికి ఒక శాతమో రెండు శాతమో ఇవ్వడానికి మనం వెనకాడం, ఎనభై లక్షల ఇంటి మీద ఒక శాతమంటే ఎనభైవేలు. ఆరువేల దగ్గర మాత్రం "ఫోను ఉంది గదా" అంటాం. ఆరువేలు కూడా బరువనుకునేవారు ఫోనుతోనే చాలా దూరం వెళ్ళవచ్చు: 0.5 ముట్టుకోకుండా, పగటిపూట, లైట్లు ఆపి, స్టాండు మీద ఛాతీ ఎత్తున, ఫోనును పైకీ కిందికీ వంచకుండా తీస్తే ముప్పాతిక వంతు పని అయినట్టే. మిగిలిన పావు వంతు నల్లరాయి నేలలోనూ, కిటికీ బయటి జామచెట్టులోనూ ఉంది. మా ఇంట్లో ఆ రెండూ ఉన్నాయి.

చివరికి ఇరవై రెండు ఫోటోలు ఎంచాం. వీధిలోంచి నడిచి వచ్చే మనిషికి ఏది ముందు కనిపిస్తుందో ఆ వరసలోనే పెట్టాం: వీధి, గేటు, వాకిలి, వరండా, హాలు, అక్కడినుంచి లోపలికి, చివర మేడమెట్లు, పిట్టగోడ. ఫోటో ఎంత బాగున్నా దిక్కు చెప్పలేదు, కొలత చెప్పలేదు. అందుకని తమ్ముడు కాగితం మీద ఇంటి ప్లాను గీసి, ఉత్తరం గుర్తు పెట్టి, గది గదికీ అడుగులు వేసి, స్థలం ఎన్ని అంకణాలో రాసి పంపాడు, దాన్ని ఇరవై మూడో చిత్రంగా చేర్చాం. వాస్తు చూసేవారికి ఆ ఒక్క కాగితం మిగతా ఇరవై రెండింటికంటే ఎక్కువ ఉపయోగపడింది. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోను నలిపేస్తుంది గనక అన్నిటినీ డాక్యుమెంటుగా పంపాం.

శ్రావణంలో ఏడుగురు వచ్చారు. ఏడుగురిలో ఒక్కరూ హాలు చిన్నదనలేదు, మెట్లు బయటున్నాయని ఆశ్చర్యపోలేదు. అందరూ నిలబడి, కూర్చుని, రెండోసారి వంటింట్లోకి వెళ్ళి చూశారు. ఫోటోలు ధరను పెంచాయని నేను చెప్పను, ఇంటి ధరను వీధి వెడల్పూ పక్కింటి అమ్మకమూ తేలుస్తాయి. అనవసరమైన రాకపోకలను మాత్రం అవి తప్పించాయి.

మధ్యలో ఒక చికాకు కూడా జరిగింది. మా హాలు ఫోటో, ఆ నల్లరాయి నేలతో సహా, ఊరికి ఇంకో వైపునున్న ఎవరిదో ఇంటి ప్రకటనలో కనిపించింది. వేరే మధ్యవర్తి ఒకాయన గ్రూపులోంచి తీసుకుని వాడేశాడు. అడిగితే, "ఫోటోనే గదమ్మా" అన్నాడు. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు మొదటి హక్కుదారు తీయించుకున్న మనిషే. ఆ సంగతి చెప్పాక సాయంత్రానికి తీసేశాడు. ఆ ఇల్లు చూడడానికి వెళ్ళి మా నేల కోసం వెతికినవాళ్ళు ఎందరో తెలియదు.

ఇల్లు కొన్నది ఏడుగురిలో నాలుగో ఆయన. కృష్ణపట్నం వైపు ఉద్యోగం, భార్య కోవూరులో టీచరు. గేటు తీయగానే ఆయన ఇంటి వైపు చూడలేదు, నేరుగా ప్రహరీ దగ్గరికి వెళ్ళి చార మీద అరచెయ్యి పెట్టి, గడప ఎత్తు వైపు చూసి, "ఇంతేనా వచ్చింది?" అన్నాడు. ఇంతేనన్నాను. ఆ చార పేరు చెప్పే లక్ష తగ్గించమన్నాడు, యాభైవేలకు దిగాం. అమ్మ ఆ రాత్రంతా, రంగు కొట్టించి ఉంటే యాభైవేలు మిగిలేదని సణుగుతూనే ఉంది.

రిజిస్ట్రేషను అయ్యాక ఆయన ఫోటోలు కూడా అడిగి తీసుకున్నాడు, అమెరికాలో ఉన్న కొడుక్కు పంపాలని. రెండు నెలల తర్వాత మా మధ్యవర్తి నాకొక ప్రకటన పంపాడు, పై పోర్షను అద్దెకు ఇస్తున్నారు. మొదటి ఫోటో మా వాకిలిదే, అమ్మ వేసిన ముగ్గు, గుమ్మానికి గుమ్మడికాయ, అన్నీ ఉన్నాయి. ఎడమవైపు ప్రహరీ మాత్రం లేదు, చార ఉన్నంతమేరా కత్తిరించేశారు. ఫోను అమ్మకు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూసి, "పైకి నీళ్ళు రావులే" అన్నది.